యోసెపాకు అన్నం పెట్టినవాళ్లు

(ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఈ వానలో ఇంతమంది వస్తారనుకోలేదు, సంతోషం. ఎలాగూ చివర్లో ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఒక మాట ముందే చెప్పేస్తాను. నేను మార్మన్‌ని కాను, అంటే అమెరికాలో పుట్టిన ఆ క్రైస్తవ శాఖవాణ్ణి కాను. అసలు క్రైస్తవుణ్ణే కాను. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. మతప్రచారకుల డైరీలు చదవడం నాకొక వ్యసనం, అంతే. ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు మీ మతం మీతోనే ఉంటుంది. (నవ్వులు)

మీలో అమెరికాలో పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చినవాళ్లు ఈ మార్మన్ ప్రచారకుల్ని చూసే ఉంటారు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల బ్యాడ్జి. ఎప్పుడూ ఇద్దరిద్దరే. బ్యాడ్జి మీద ‘ఎల్డర్’ అని ఉంటుంది. ఎల్డర్ అంటే పెద్దాయన అనుకుంటాం కదా, తీరా చూస్తే మూతి మీద మీసం కూడా సరిగా రాని పిల్లాడు. 2012 అక్టోబర్‌లో వాళ్ల చర్చి ప్రచారానికి పంపే అబ్బాయిల కనీస వయసును 19 నుంచి 18కి తగ్గించింది. అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు ఏడాదిన్నర. ఏ దేశం వెళ్లాలో వాళ్లు ఎంచుకోరు, చర్చి చెబుతుంది. ఖర్చు వాళ్లది, లేదా ఇంట్లోవాళ్లది. తోటి ప్రచారకుణ్ణి వదిలి ఒంటరిగా ఎక్కడికీ వెళ్లకూడదు. 2019 దాకా ఇంటికి ఫోన్ చేయడం కూడా ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ, అమ్మల పండగకీ. ఇప్పుడు వారానికోసారి మాట్లాడుకోవచ్చు. ఇవాళ ప్రపంచమంతా కలిపి ఇలాంటివాళ్లు 70 వేలకు పైనే ఉన్నారు.

ఈ కుర్రాళ్ల గురించి రాసినవాళ్లకు కొదవ లేదు. వాళ్లే డైరీలు రాసుకుంటారు, చర్చి వాటిని జాగ్రత్తగా దాస్తుంది. నా దృష్టి ఎప్పుడూ తలుపుకు అవతలి వైపు ఉన్నవాళ్ల మీద పడుతుంది. ముక్కూ మొహం తెలియని పరాయి దేశపు పిల్లాడు వచ్చి తలుపు కొడితే తీసిందెవరు? వాడికి తిండి పెట్టిందెవరు, జ్వరమొస్తే చూసుకున్నదెవరు? డైరీలో వాళ్లకు దొరికేది చాలాసార్లు ఒక్క వాక్యమే. ఆ ఒక్క వాక్యం పట్టుకుని కొంచెం వెనక్కి వెళదామని ఈ సాయంత్రం.

ఒకే చోటు తీసుకుంటాను. హవాయి. ఇప్పుడది అమెరికాలో ఒక రాష్ట్రం, కానీ నేను చెప్పే కాలానికి స్వతంత్ర రాజ్యం. మూడో కమేహమేహా రాజుగా ఉన్నాడు. అప్పటికే 1820 నుంచి అమెరికన్ ప్రొటెస్టెంట్ పాదిరీలు అక్కడ పాతుకుపోయారు. బళ్లు పెట్టారు, అచ్చు యంత్రాలు తెచ్చారు, 1839 నాటికి బైబిలు మొత్తం హవాయి భాషలో వచ్చేసింది. అంటే మార్మన్ కుర్రాళ్లు వెళ్లింది చదువురాని అడవి మనుషుల దగ్గరకు కాదు. అప్పటి అమెరికాలో చాలా ఊళ్ల కంటే అక్కడే చదవడం వచ్చినవాళ్లు ఎక్కువంటే నేను నమ్ముతాను.

1850 డిసెంబర్‌లో పదిమంది హోనోలులులో ఓడ దిగారు. వచ్చింది ఎక్కడి నుంచి? కాలిఫోర్నియా బంగారు గనుల నుంచి. బంగారం తవ్వుతున్నవాళ్లను పిలిచి ప్రచారానికి పొమ్మన్నారు. మొదట్లో వాళ్ల ఆలోచన ద్వీపాల్లో ఉన్న తెల్లవాళ్లకు బోధించాలనే. తెల్లవాళ్లు పట్టించుకోలేదు. కొద్ది నెలల్లోనే సగం మంది ఇంటిదారి పట్టారు. ఉండిపోయినవాళ్లలో జార్జ్ క్యూ. కానన్ అని 23 ఏళ్ల కుర్రాడున్నాడు. వృత్తికి అచ్చు పనివాడు. ఇక్కడి జనం భాష నేర్చుకుని వాళ్లతోనే మాట్లాడతానని పట్టుబట్టాడు.

మావుయి ద్వీపంలో లహైనా అనే రేవు ఊళ్లో వాళ్లకు ఉండటానికి చోటు లేదు. నలిమనుయి అనే స్థానిక స్త్రీ తన ఇల్లు వాళ్లకిచ్చి, తాను వెళ్లి కూతురి దగ్గర ఉంది. చూడండి, ఆమెకు వీళ్ల మతమేమిటో కూడా అప్పటికి తెలియదు. కానన్ తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో ఆమె పేరు ఉంది. ఆ ఒక్క కారణం చేత ఇవాళ మనం ఆమె పేరు పలుకుతున్నాం.

తిండి సంగతి కూడా చెబుతాను, సరదాగా ఉంటుంది. అక్కడ ముఖ్యమైన ఆహారం ‘పోయి’ అనే వంటకం. చేమదుంపల్ని ఉడికించి, దంచి, నీళ్లు కలిపి ఉంచితే పులుస్తుంది. మొదటిసారి ఒక చెంచాడు నోట్లో పెట్టుకుంటే కానన్‌కు డోకు వచ్చింది. ఆ వాసన, పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ల దగ్గర పులిసిపోయిన పాత జిగురు డబ్బా వాసనలా ఉందట. అచ్చు పనివాడికి ఇంకేం గుర్తొస్తుంది! కానీ పల్లెల్లోకి వెళితే అది తప్ప వేరే తిండి ఉండదు. తనకోసం వేరే వండమంటే ఆ ఇంటివాళ్లకు భారం. అందుకని దేవుణ్ణి ప్రార్థించానని, తర్వాత నుంచి ‘పోయి’ తియ్యగా అనిపించిందని రాశాడు. ప్రార్థన మహిమో, ఆకలి మహిమో మీ ఇష్టం. (నవ్వులు) నాకు నచ్చింది మాత్రం ‘ఇంటివాళ్లకు భారం’ అన్న ఆలోచన. ఈ రోజుల్లో చుట్టాలింటికి వెళ్లి కూడా మనం అంత ఆలోచించం.

1851 మార్చిలో కానన్ కాలినడకన వైలుకు అనే ఊరు చేరాడు. ఒక ఇంటి ముందు నుంచి వెళుతుంటే ఇద్దరు ఆడవాళ్లు చూసి ‘అదుగో తెల్లాయన’ అని కేకేశారు. లోపలి నుంచి ముగ్గురు మగవాళ్లు బయటికి వచ్చారు. అందులో ఒకాయన జొనాథన్ నపేలా. నా దృష్టిలో ఈ సాయంత్రానికి అసలు మనిషి ఈయనే. కాబట్టి ఆయన దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, విసుక్కోకండి.

నపేలాకు అప్పటికి 37 ఏళ్లు. పెద్ద వంశంవాడు. ప్రొటెస్టెంట్ పాదిరీలు 1831లో పెట్టిన లహైనాలునా బడిలో చదువుకున్నవాడు, ఆ ప్రాంతానికి జడ్జి. కానన్‌కేమో పాతికేళ్లు కూడా నిండలేదు, చేతిలో చిల్లిగవ్వ లేదు. ఎవరు ఎవరికి బోధించాలో మీరే చెప్పండి. నపేలా ఈ కుర్రాణ్ణి ఇంట్లో పెట్టుకున్నాడు, ప్రశ్నలు వేశాడు, వాదించాడు. ఊళ్లో ప్రొటెస్టెంట్ పాదిరికి కోపం వచ్చింది. ఈ స్నేహం ఖరీదుగా నపేలా జడ్జి పదవి వదులుకోవాల్సి వచ్చింది. 1852 జనవరిలో ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. అంటే కలిసిన వెంటనే కాదు, దాదాపు పది నెలలు ఆలోచించాడు. చర్చి వాళ్లు రాసే కథల్లో ఈ పది నెలలు రెండు వాక్యాల్లో అయిపోతాయి. నాకు మాత్రం ఆ పది నెలల్లో ఆయన ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో వినాలని ఉంటుంది.

వాళ్ల గ్రంథం, ‘మార్మన్ గ్రంథం’ అంటారు కదా, దాన్ని హవాయి భాషలోకి తెచ్చింది కానన్ అని చాలాచోట్ల చదువుతాం. కానన్ కష్టపడ్డాడు, కాదనను. కానీ రెండేళ్లలో నేర్చుకున్న భాషలో వందల పేజీల గ్రంథం ఒక్కడే అనువదించగలడా? పక్కన కూర్చుని ప్రతి వాక్యం సరిచూసినవాడు నపేలా. 1855లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అచ్చయింది. అంతేకాదు, కొత్తగా వచ్చే ప్రచారకులకు తన ఇంట్లోనే హవాయి భాష నేర్పడం మొదలుపెట్టాడు. ఇవాళ అమెరికాలో వాళ్ల చర్చి కేంద్రమైన యూటా రాష్ట్రంలో, ప్రోవో అనే ఊళ్లో వీళ్లకు పెద్ద శిక్షణ కేంద్రం ఉంది, అక్కడ డజన్ల కొద్దీ భాషలు నేర్పుతారు. దాని మూలపురుషుడు ఎవరంటే నేను ఈ జడ్జిగారి పేరే చెబుతాను.

అప్పటి హవాయి పరిస్థితి కూడా ఒక్కసారి చూడండి. 1853లో మశూచి వచ్చి వేలమంది పోయారు. ఆ ఏడాది జనాభా లెక్కల్లో తేలింది మొత్తం 73 వేల మంది. తెల్లవాళ్ల ఓడలు రాకముందు దానికి ఎన్నో రెట్లు ఉండేవాళ్లు. 1848 తర్వాత భూమి చట్టాలు మారి, తరతరాలుగా దున్నుకున్న నేల కాగితాల్లో ఇంకొకరిదైపోతోంది. చావులు, భూములు పోవడం, వీటి మధ్య ఉన్నవాళ్లు ఇంటికొచ్చిన కుర్రాడికి గిన్నెలో ‘పోయి’ పెట్టారు. ‘ద్వీపవాసుల సహజ ఆతిథ్యం’ అని ఒక మాట రాసేస్తుంటారు. నాకు ఆ మాట నచ్చదు. లేమిలో పెట్టడం సహజంగా జరిగిపోయేది కాదు. ఎవరో ఒకరు అనుకుని పెట్టాలి.

కానన్ వెళ్లిపోయిన రెండు నెలలకు, 1854 సెప్టెంబర్‌లో ఇంకో కుర్రాడు దిగాడు. జోసెఫ్ ఎఫ్. స్మిత్. వయసు 15. మళ్లీ చెబుతున్నాను, పదిహేను. మన లెక్కలో పదో తరగతి. మార్మన్ మతం స్థాపించిన జోసెఫ్ స్మిత్‌కు అన్న కొడుకు. తండ్రిని, చిన్నాన్నను ఇద్దర్నీ 1844లో ఇల్లినాయ్ జైల్లో అల్లరిమూక కాల్చి చంపినప్పుడు వీడికి అయిదేళ్లు. తల్లి 1852లో పోయింది. తన చెల్లెల్ని కొట్టబోయిన పంతులు మీద తిరగబడి బడి నుంచి బయటపడ్డాడు. అలాంటి దుడుకు పిల్లాణ్ణి సముద్రం అవతలికి ప్రచారానికి పంపించారు. దారిఖర్చుల కోసం కాలిఫోర్నియాలో కూలిపని చేసుకుని మరీ ఓడెక్కాడు.

మావుయిలో కులా అనే కొండ ప్రాంతంలో పెట్టారు. వెళ్లీ వెళ్లగానే జబ్బుపడ్డాడు. మనుహీ అనే స్థానిక స్త్రీ ఇంట్లో పెట్టుకుని సాకింది. వాడు ఆమెను ‘మా’ అని పిలిచేవాడు, మనం అమ్మా అన్నట్టే. ఆమె వాణ్ణి యోసెపా అంది. మన తెలుగు బైబిల్లో యోసేపు ఉన్నాడు చూడండి, అదే పేరు. కొన్ని నెలల్లో వాడు హవాయి భాషలో ప్రసంగాలు చేసే స్థాయికి వచ్చాడు. దేవుడిచ్చిన వరం అని వాడు నమ్మాడు. మంచం మీద ఉన్న పిల్లాడితో పగలూ రాత్రీ మాట్లాడే అమ్మ ఉంటే భాష రాక ఏం చేస్తుందని నా అభిప్రాయం.

తర్వాత లనాయి ద్వీపంలో ఒక అగ్నిప్రమాదంలో ఆయన పెట్టె కాలిపోయింది. బట్టలు, డైరీలు అన్నీ పోయాయి. కాబట్టి మనుహీ దగ్గరున్న ఆ తొలి రోజుల గురించి అప్పటికప్పుడు రాసుకున్నది మనకు లేదు. 1857లో యూటాకూ అమెరికా ప్రభుత్వానికీ యుద్ధ వాతావరణం వచ్చినప్పుడు ఆయన్ని వెనక్కి పిలిపించారు.

ఇక్కడ నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతున్న రెండు విషయాలు పక్కపక్కన పెడతాను.

ఒకటి. ఇదే జోసెఫ్ 1901లో మొత్తం చర్చికి అధ్యక్షుడయ్యాడు. ఆ తర్వాత ఒకసారి హోనోలులు వెళ్లాడు. పూలదండలు, స్వాగతాలు. ఆ గుంపులోకి 90 ఏళ్ల ముసలామెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. కళ్లు కనిపించవు. చేతిలో కొన్ని మంచి అరటిపళ్లు. ‘యోసెపా, యోసెపా’ అని పిలుస్తోంది. ఆయన పరుగెత్తి వెళ్లి కౌగిలించుకుని, అమ్మా అమ్మా అంటూ ముద్దులు పెట్టుకున్నాడు. పక్కనున్న తోటి నాయకుడి వైపు తిరిగి, నేను దిక్కులేని పిల్లాణ్ణై జబ్బున పడితే చేరదీసి తల్లిలా చూసింది ఈమే అని కన్నీళ్లతో చెప్పాడు. ఆ తోటి నాయకుడే దీన్ని రాసిపెట్టాడు.

రెండు. ముసలితనంలో అదే మనిషి ఒక ప్రసంగంలో ఆ హవాయి రోజులు గుర్తుచేసుకున్నాడు. ఒంటి మీద సరైన బట్ట లేదు, స్నేహితులు లేరు, ఒక్క పేద, అజ్ఞాన, పతిత ప్రజల స్నేహం తప్ప, అన్నాడు. ఆ స్థితిలో ఒక తెల్లవాడి మొహం చూడటానికే ధైర్యం చాలలేదన్నాడు.

పతిత ప్రజలు! ఆ మాటలో అమ్మ కూడా ఉందా? అమ్మను ముద్దాడిన నోరే ఈ మాట అంది. నేను దీన్ని కప్పిపుచ్చను, అలాగని కపటం అని కొట్టిపారేయను. మన ఇళ్లలో చూడండి. మనల్ని ఎత్తుకుని పెంచిన పనిమనిషిని ‘మా అమ్మలాంటిది’ అంటాం, మర్నాడు ‘ఈ జనం ఇంతేనండి’ అని కూడా అంటాం. ఒక్క మనిషిని ప్రేమించడం, ఆ మనిషి పుట్టిన జాతిని తక్కువగా చూడటం, ఈ రెండూ ఒకే గుండెలో తగువు పడకుండా కాపురం చేస్తాయి. ప్రచారకుల డైరీలు నేర్పే సంగతుల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే.

మనుహీ, నలిమనుయి లాంటివాళ్ల గురించి చెబుతుంటే అందరూ మెత్తటివాళ్లు, ఏం చెబితే అది నమ్మేవాళ్లు అనిపించవచ్చు. అదేం లేదు. 1861లో వాల్టర్ మర్రే గిబ్సన్ అనే మహా జిత్తులమారి చర్చి పేరు మీద అక్కడికి వచ్చాడు. జనం పోగుచేసి ఇచ్చిన సొత్తుతో లనాయిలో భూములు కొని తన పేరున రాయించుకున్నాడు. చర్చి పదవులు డబ్బుకు అమ్మాడు. అతణ్ణి పట్టించింది ఎవరనుకున్నారు? హవాయి సభ్యులే. ఈ మనిషి చేస్తున్నది సరైనదేనా అని యూటాకు ఉత్తరాలు రాశారు. 1864లో విచారణకు బృందం వచ్చింది, అందులో మన యోసెపా కూడా ఉన్నాడు. లహైనా దగ్గర పడవ బోల్తాపడి లొరెంజో స్నో అనే నాయకుడు మునిగిపోతే, స్థానికులు నీళ్లలోకి దూకి బయటికి తీశారు. ఆయన కూడా తర్వాత చర్చి అధ్యక్షుడయ్యాడు. గిబ్సన్‌ను వెలివేశారు. కానీ భూమి మాత్రం తిరిగి రాలేదు. పైగా ఆ పెద్దమనిషి తర్వాత హవాయి రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. రాజకీయం ఎక్కడైనా రాజకీయమే. (నవ్వులు)

నపేలా కథ ఇంకా అవలేదు. 1865లో హవాయిలో కుష్ఠు రోగులను వేరుచేసే చట్టం వచ్చింది. మొలొకాయి ద్వీపంలో కలౌపాపా అనే చోటికి పంపేవాళ్లు. వెనక కొండ, ముందు సముద్రం, తిరిగి రావడం ఉండదు. 1873లో నపేలా భార్య కిట్టీకి ఆ జబ్బు తేలింది. ఆయనకు లేదు. అయినా ఆమెతో పాటు వెళ్లాడు. కొన్నాళ్లు అక్కడ అధికారిగా పనిచేశాడు, తర్వాత ఆరోగ్య శాఖ ఆ పని నుంచి తీసేసింది. అప్పుడాయన వాళ్లకు ఉత్తరం రాశాడు. 1843లో పెళ్లిరోజున, ఆరోగ్యంలోనూ జబ్బులోనూ నా భార్యను చూసుకుంటానని దేవుడి ముందు ప్రమాణం చేశాను, నన్ను ఇక్కడే ఉండనివ్వండి అని. ఉండనిచ్చారు. అదే ఏడాది అక్కడికి వచ్చిన కాథలిక్ ఫాదర్ డేమియన్‌ను ఇవాళ లోకమంతా సెయింట్ అంటుంది. ఆ ఇద్దరూ మంచి స్నేహితులు. వేరు వేరు చర్చిలు, బయటైతే ఒకరినొకరు తప్పుపట్టుకునేవాళ్లే. చివరికి నపేలాకూ ఆ జబ్బు వచ్చింది. 1879 ఆగస్టులో పోయాడు. కొద్ది రోజులకే కిట్టీ కూడా.

ఇప్పుడు కథ తిరగేద్దాం. అన్నం పెట్టినవాళ్లు ఆ కుర్రాళ్ల దేశం వెళితే ఏమైంది? కొందరు హవాయి సభ్యులు యూటా చేరారు. సాల్ట్ లేక్ సిటీలో వాళ్ల రంగు చూసి దూరం పెట్టినవాళ్లు తక్కువేం కాదు. 1889లో వాళ్లకోసం చర్చి ఊరికి దూరంగా, స్కల్ వ్యాలీ అనే ఎడారి లోయలో భూమి చూసి ఒక కాలనీ పెట్టింది. ఆ కాలనీ పేరు యోసెపా. జోసెఫ్ మీద గౌరవంతో పెట్టుకున్న పేరే. వేసవిలో మాడే ఎండ, చలికాలంలో మంచు. సముద్రం లేదు, చేమ లేదు. అయినా చెట్లు నాటారు, నీళ్లు మళ్లించారు, పూలు పూయించారు. పిల్లలు చాలామంది చనిపోయారు, కొందరికి కుష్ఠు వచ్చింది. 1915లో హవాయిలోని లాయెలో మార్మన్ దేవాలయం కడతామని ప్రకటించగానే, తిరుగు ప్రయాణాలు మొదలయ్యాయి. 1917కల్లా కాలనీ ఖాళీ. ఇప్పుడక్కడ ఉన్నది శ్మశానం. ఏటా మే నెలాఖరులో వాళ్ల వారసులు వచ్చి సమాధులు శుభ్రం చేసి, రెండు మూడు రోజులు పాటలతో, విందుతో గడుపుతారు. ఆ విందులో ఎవరు వచ్చినా పెడతారని విన్నాను.

మన సంగతి ఏమిటని ఎవరో అడిగారు ఇందాక. ఉంది. 1853 జూలైలో మార్మన్ ప్రచారకులు మద్రాసులో దిగారు, రిచర్డ్ బలంటైన్ బృందం. మన కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. కానీ వాళ్లు ఎక్కువగా తిరిగింది ఇంగ్లీషు సోల్జర్ల, దొరల చుట్టూ. అంతకు ముందు ఏడాదే యూటాలో బహుభార్యాత్వాన్ని బాహాటంగా ప్రకటించారు, ఇక్కడి ఇంగ్లీషు పత్రికలు దాన్ని పట్టుకుని ఏకిపారేశాయి. 1856కల్లా దేశమంతటా ఆ ప్రయత్నం చల్లారిపోయింది. ఇక్కడ వాళ్లకు నపేలా దొరకలేదంటే సరిపోదు, వాళ్లు నపేలా ఉండే వీధికి వెళ్లనే లేదు.

నూటపాతికేళ్ల తర్వాత మన తెలుగువాళ్లు వాళ్లకు ఎదురైంది ఎక్కడో తెలుసా? పశ్చిమ సమోవాలో. ఉద్యోగం మీద అక్కడున్న ఒక హైదరాబాద్ కుటుంబం ఇంటికి ప్రచారకులు వచ్చారు. ఆ దంపతులు మతంలో చేరి, 1978 డిసెంబర్‌లో తామే ప్రచారకులుగా హైదరాబాద్ వచ్చారు. వాళ్ల బంధువుల్లో 20 మందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఇల్లాలి తండ్రి బాప్టిస్టు పాస్టరు. ‘మార్మన్ గ్రంథం’ భాగాల్ని తెలుగులోకి తెచ్చింది ఆయనే, 1982లో అచ్చయింది. భారతదేశంలో ఆ చర్చికి మొదటి ‘స్టేక్’, అంటే ఒక ప్రాంతంలోని సంఘాలన్నిటినీ కలిపిన విభాగం, 2012లో ఏర్పడింది కూడా హైదరాబాద్‌లోనే.

ఒక బాప్టిస్టు పాస్టరు, వయసు మళ్లాక, తన చర్చి ఒప్పుకోని గ్రంథాన్ని ముందు పెట్టుకుని తెలుగు వాక్యాలు కూర్చడం. కూతురి మీద ప్రేమా, నమ్మకమా, భాష మీద మోజా? నపేలా పది నెలల గురించి ఎంత తెలుసుకోవాలని ఉందో, ఈయన గురించీ అంతే ఉంది. ఈ ఊళ్లో ఆయన్ని ఎరిగినవాళ్లు ఇంకా ఉండొచ్చు. మీకెవరికైనా తెలిస్తే, సభ అయ్యాక ఆ కిటికీ దగ్గర ఉంటాను, వచ్చి చెప్పండి, రాసుకుంటాను. టైమ్ అయిందని అధ్యక్షుల వారు రెండోసారి చీటీ పంపారు. ప్రశ్నలుంటే మొదలుపెడదాం. వెనక వరసలో ఆ అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది, ముందు ఆమెకు మైకు ఇవ్వండి.